ఉదయనుడి కుండ, ధర్మకీర్తి పుట్ట: దేవుణ్ణి తర్కంతో నిరూపించవచ్చా?

కొల్లేటికొంగ రాశారు:

దేవుడున్నాడా లేడా అన్న మాట ఈ వేదికలో ఎప్పుడు మొదలైనా, నాలుగు సమాధానాలు దాటకముందే "నా నమ్మకం నాది" దగ్గరో, "ముందు సైన్సు చదవండి" దగ్గరో ఆగిపోతోంది. ఈసారి ఒక్క వాదాన్ని పట్టుకుని దాని అంతు చూడాలని నా కోరిక. దయచేసి వాదం మీదే ఉందాం.

వాదం ఇది. క్షిత్యంకురాదికం సకర్తృకం, కార్యత్వాత్, ఘటవత్. నేల, మొలక మొదలైనవాటికి ఒక కర్త ఉన్నాడు. ఎందుకంటే అవి కార్యాలు, అంటే ముందు లేకుండా తర్వాత పుట్టినవి. కుండ లాగా. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, వందల ఏళ్లు కాపాడుకుంటూ వచ్చిన అనుమానం ఇది. ఇక్కడ అనుమానమంటే సందేహం కాదు, తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని తేల్చడం. మిథిలకు చెందిన ఉదయనుడు న్యాయకుసుమాంజలి అనే గ్రంథం మొత్తం దీనికోసమే రాశాడు. ఆయన మరో పుస్తకం లక్షణావళిలో శక 906 అని ఉంది కాబట్టి క్రీ.శ. 984 ప్రాంతపు మనిషి. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలోనూ ఈ వాదమే కనిపిస్తుంది.

ఇక్కడ కర్త అంటే ఊరికే కారణం కాదు. దేనితో చేస్తున్నాడో ఆ ముడిసరుకు గురించి ప్రత్యక్షజ్ఞానం ఉండాలి, చేయాలన్న కోరిక ఉండాలి, ప్రయత్నం ఉండాలి. ఈ మూడూ ఉన్నవాడే కర్త. ఇది గుర్తుపెట్టుకోండి, చర్చంతా చివరికి ఇక్కడికే వస్తుందని నా అంచనా.

నా సంగతి ముందే చెబుతాను. నేను దేవుణ్ణి నమ్ముతాను. ఈ వాదం మాత్రం నిలబడదనుకుంటున్నాను. అయినా దీన్ని మూలన పడేయడం మన పెద్దలు పడిన కష్టానికి అన్యాయమని గట్టిగా అనిపిస్తోంది.


ఓరుగల్లు పోరడు రాశారు:

అన్నా, నేను ఇంజినీరింగ్ చదువుతున్న, సంస్కృతం రాదు. సూటిగ అడుగుత. ప్రతిదానికి కర్త ఉండాలంటే మరి దేవుణ్ణి ఎవరు చేసిన్రు? ఆయనకు కర్త అక్కర్లేదంటే లోకానికి మాత్రం ఎందుకు కావాలె?


అవయవపంచకం రాశారు:

బాబూ, మంచి ప్రశ్న. అయితే ఈ వాదంలో "ప్రతిదానికీ కర్త ఉండాలి" అన్న మాట ఎక్కడా లేదు. "కార్యమైన ప్రతిదానికీ" అని మాత్రమే ఉంది. నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు తర్కం చెప్పాను, మొదటిరోజు అందరూ అడిగేది ఇదే.

న్యాయ వైశేషికాల్లో పరమాణువులు నిత్యం. ఆకాశం నిత్యం. కాలం, దిక్కు, జీవాత్మలు నిత్యం. వీటిలో ఏదీ పుట్టినది కాదు కనుక దేనికీ కర్తను వెతకనక్కరలేదు. ఈశ్వరుడూ ఆ నిత్యద్రవ్యాల కోవలోని వాడే. శూన్యంలోంచి లోకాన్ని తీసినవాడని ఎవరూ అనలేదు. ఉన్న పరమాణువులను కూర్చేవాడు, జీవుల అదృష్టాన్ని, అంటే పుణ్యపాపాల సంస్కారాన్ని చూసి ఆ కూర్పును నడిపించేవాడు. అందుకే ఉదాహరణ కుండ అయింది. కుమ్మరి మట్టిని పుట్టించడు కదా.

మరి నేల పుట్టిందని ఎలా తెలుసు? ఎవరూ చూడలేదు. దానికి ఇంకో హేతువు: సావయవత్వం. భాగాలు కూడి ఏర్పడినది ఏదైనా ఒకప్పుడు కూడి ఉండాలి. కొండకు భాగాలున్నాయి, కాబట్టి కొండ కార్యం.

ఉదయనుడు న్యాయకుసుమాంజలి అయిదో స్తబకం, అంటే అధ్యాయం, మొదట్లో మొత్తం ఎనిమిది హేతువులను ఒక్క శ్లోకంలో పెట్టాడు.

కార్యాయోజనధృత్యాదేః పదాత్ ప్రత్యయతః శ్రుతేః ।
వాక్యాత్ సంఖ్యావిశేషాచ్చ సాధ్యో విశ్వవిదవ్యయః ॥

కార్యం అంటే కొల్లేటికొంగ గారు చెప్పినది. ఆయోజనం అంటే సృష్టి మొదట్లో జడమైన పరమాణువులు కదిలి జతకట్టడం, చేతనుడి ప్రయత్నం లేకుండా అది కుదరదని. ధృతి అంటే భూమ్యాదులు పడిపోకుండా నిలవడం. పదం, ప్రత్యయం, శ్రుతి, వాక్యం అన్న నాలుగూ భాషకూ కళలకూ వేదప్రామాణ్యానికీ సంబంధించినవి, ఇక్కడ వాటిలోకి వెళ్లను.

చివరిది సంఖ్యావిశేషం, నాకు చాలా ఇష్టమైనది. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం. దాని పరిమాణం పరమాణువుల పరిమాణం నుంచి రాదు, వాటి "రెండు" అనే సంఖ్య నుంచి వస్తుంది. కానీ రెండు అనే సంఖ్య పుట్టాలంటే "ఇది ఒకటి, ఇది ఒకటి" అని లెక్కించే బుద్ధి కావాలి. దాన్నే అపేక్షాబుద్ధి అంటారు. జీవులకు ఇంకా శరీరాలే లేని ఆ సృష్ట్యాదిలో లెక్కపెట్టింది ఎవరు? ఉదయనుడి జవాబు మీకు తెలిసిపోయే ఉంటుంది.


డాలస్ నుంచి రాశారు:

పంచకం గారూ, సంఖ్య వాదం అద్భుతంగా ఉంది. నేను భౌతికశాస్త్రం చదువుకున్నవాణ్ణి, రెండిటి గురించి మాత్రం చెబుతాను.

ధృతి ఇవాళ నిలవదు. భూమి "పడడానికి" కింద అంటూ ఏమీ లేదు, అది సూర్యుడి ఆకర్షణలో తిరుగుతోంది. ఆయోజనమూ అంతే. కదలడానికి ప్రేరకుడు కావాలన్నది పాత ఊహ. కదలిక మారడానికి బలం కావాలి తప్ప కదులుతూ ఉండడానికి అక్కరలేదు. పైగా పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర కూడా కణాలు పూర్తిగా నిశ్చలంగా ఉండవు. ముందు నిశ్చలంగా ఉన్న పరమాణువులను ఎవరో తొలిసారి తట్టారన్న చిత్రమే తప్పు.

మహావిస్ఫోటాన్ని సృష్టికి సాక్ష్యంగా తెచ్చేవాళ్లకూ ఒక మాట. విశ్వం 1380 కోట్ల ఏళ్ల కిందట అత్యంత వేడిగా, సాంద్రంగా ఉన్న స్థితి నుంచి వ్యాకోచిస్తూ వచ్చిందని చెప్పగలం. దానికి ముందు "ఏమీ లేదు" అని ఆ సిద్ధాంతం చెప్పదు. ఆ సిద్ధాంతానికి పునాది వేసినవారిలో ఒకరైన జార్జ్ లెమైత్ర్ స్వయంగా క్యాథలిక్ మతాచార్యుడు, ఆయనే దాన్ని మతానికి ముడిపెట్టడం ఒప్పుకోలేదు.


అవయవపంచకం రాశారు:

ధృతి, ఆయోజనాల బలం మీరన్నట్టే తగ్గింది. వాటికి ఆధారం ఆనాటి ప్రకృతిశాస్త్రం. కార్యత్వానికి ఆధారం ఆ శాస్త్రం కాదు, వ్యాప్తి, అంటే కార్యం ఉన్నచోటల్లా కర్త ఉంటాడన్న నియమం. దాన్ని కొట్టాలంటే వ్యాప్తినే కొట్టాలి.


కొండారెడ్డి బురుజు రాశారు:

సలాం అందరికీ. ఈ కాలక్రమం చూస్తే నాకు ఆశ్చర్యమేస్తుంది. ఉదయనుడు లక్షణావళి రాసేనాటికి బుఖారా దగ్గర ముస్లిం తత్వవేత్త ఇబ్న్ సీనా చిన్న పిల్లవాడు. ఆ తర్వాత వందేళ్లలోపే మరో ముస్లిం పండితుడు గజాలీ. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఇన్నిచోట్ల ఒకే ప్రశ్నను ఇంత పదునుగా పట్టుకున్నారు.

ఓరుగల్లు తమ్ముడి ప్రశ్నకు మావాళ్లలో రెండు దారులున్నాయి. గజాలీ దారి: మొదలైన ప్రతిదానికీ కారణం ఉంటుంది, విశ్వం మొదలైంది, కాబట్టి దానికి కారణం ఉంది. ఇందులో "విశ్వం మొదలైంది" అన్నది నిరూపించాలి, అందుకని గతం అనంతంగా వెనక్కి పోలేదని వాళ్లు వాదించారు. ఈ కలామ్ (ఇస్లాం మతతర్కం) వాదాన్నే 1979లో విలియం లేన్ క్రెయిగ్ ఇంగ్లీషులో మళ్లీ లేవదీశారు.

ఇబ్న్ సీనా దారి వేరు, నాకు అదే గట్టిదనిపిస్తుంది. విశ్వానికి మొదలు ఉందా లేదా అన్నది ఆయనకు అవసరమే లేదు. ఉన్నవాటిని చూడండి, ప్రతిదీ లేకపోయి కూడా ఉండగలదు. లేకపోగలిగినవాటిని ఎన్నింటిని పోగేసినా, ఆ పోగు కూడా లేకపోగలిగినదే. అది ఉందంటే, తన ఉనికికి దేని మీదా ఆధారపడని ఒకటి ఉండాలి. దాన్ని వాజిబుల్ వుజూద్, అంటే ఉండి తీరవలసినది, అన్నాడు. ఇక్కడ కాలంలో వెనక్కి వెళ్లనక్కరలేదు. ఈ క్షణంలోనే ఆధారం అడుగుతున్నాడు.

నేను నమాజు చదివేది ఈ వాదం వల్ల కాదు. కానీ ఈ వాదాన్ని అర్థం చేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అది నిజం.


తెల్లవారుజాము రాశారు:

బురుజు గారు చెప్పిన ఆధారం వాదం మీదే 1948లో బీబీసీ రేడియోలో ఫాదర్ కాపుల్‌స్టన్‌కూ బెర్ట్రండ్ రస్సెల్‌కూ పెద్ద చర్చ జరిగింది. విడివిడి వస్తువులకు కారణం అడగవచ్చు, మొత్తానికి అడగడానికి అర్థం లేదు, విశ్వం ఉంది, అంతే, అన్నది రస్సెల్ వైఖరి. నాకు అది జవాబుగా అనిపించదు. ప్రశ్న అడగొద్దని చెప్పడం లాగా ఉంది. విడి వస్తువుల దగ్గర కారణం అడిగే హక్కు నాకుంటే, మొత్తం దగ్గర ఆ హక్కు ఎక్కడ పోయింది?

క్రైస్తవ మతాచార్యుడు ఆన్సెల్మ్ వాదం గురించి కూడా ఒక మాట. మేం వేదాంత పాఠశాలలో చదివినప్పుడు చాలామందికి అది మాటల గారడీలా అనిపించింది. దేవుడంటే అంతకు మించినదాన్ని ఊహించలేనిది. అది మనసులోనే ఉండి బయట లేకపోతే, బయట కూడా ఉన్నది దానికంటే మించినదవుతుంది. కాబట్టి బయట ఉంది. ఆయన బతికుండగానే గౌనిలో అనే సన్యాసి, ఇదే లెక్కన అన్నిటికంటే గొప్ప దీవి కూడా ఉండాలి కదా అని ఎదురడిగాడు. 1781లో జర్మన్ తత్వవేత్త కాంట్, ఊహలోని నూరు నాణేలకూ జేబులోని నూరు నాణేలకూ లక్షణాల్లో తేడా లేదు, ఉండడం అన్నది ఒక లక్షణమే కాదు అన్నాడు. నాకు కాంట్ మాటే సరిగ్గా అనిపిస్తుంది. ఇలాంటి వాదం మన న్యాయంలో ఉందా పంచకం గారూ?


అవయవపంచకం రాశారు:

ఊహ నుంచి ఉనికికి దూకే వాదం లేదు. నైయాయికుడికి ప్రమాణం, అంటే తెలుసుకునే సరైన సాధనం, లేనిదే ఏదీ సిద్ధించదు, ఊహ ప్రమాణం కాదు.

అయితే దూరపు పోలిక ఒకటుంది, మూడో స్తబకంలో. నిరీశ్వరవాది "ఈశ్వరుడు కర్త కాడు, శరీరం లేనివాడు కనుక" అని అనుమానం చేశాడనుకోండి. ఆ అనుమానానికి పక్షం, అంటే దేని గురించి తేలుస్తున్నామో అది, ఈశ్వరుడు. ఈశ్వరుడే లేడంటే నీ పక్షమే లేదు, ఇది ఆశ్రయాసిద్ధి దోషం. ఉన్నాడని ఒప్పుకున్నావా, ఏ ప్రమాణంతో ఆయన తెలిశాడో ఆ ప్రమాణమే ఆయన కర్త అని కూడా చెబుతుంది, నీ అనుమానం బాధితం, అంటే ఇంకో ప్రమాణంతో కొట్టుకుపోయినది. దీనితో ఈశ్వరుడు నిరూపితుడు కాడు. ఎదుటివాడు తన నిరాకరణను అనుమానంగా పెట్టలేడని మాత్రమే తేలుతుంది.

అక్కడే చార్వాకుడికి, అంటే కంటికి కనిపించేదే నమ్మేవాడికి, ఇచ్చిన జవాబు కూడా చూడండి. కనిపించకపోవడమే లేకపోవడమైతే, ఇల్లు వదిలి బయటికొచ్చిన చార్వాకుడు, కనిపించని భార్యాబిడ్డలు లేరనుకుని అక్కడే ఏడవాలి. కనిపించదగినది కనిపించకపోతేనే లేదనాలి.


కొల్లేటికొంగ రాశారు:

ఇప్పుడు అసలు విషయానికి రావచ్చనుకుంటాను. ఉదయనుడికి మూడు వందల ఏళ్ల ముందే బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ప్రమాణవార్తికంలో వ్యాప్తి మీదే దెబ్బ వేశాడు.

ఆయన చెప్పేది ఇది. ఎలాంటి అమరిక కర్త ఉంటేనే ఉండి, లేకుంటే లేకుండా పోతుందని మనం చూసి తెలుసుకున్నామో, అలాంటి అమరిక కనిపించినప్పుడు కర్తను ఊహించడం న్యాయం. పాడుబడ్డ గుడి చూస్తే శిల్పిని చూడకపోయినా ఊహిస్తాం. కానీ కొండనూ కుండనూ "అమరిక" అన్న ఒకే మాట కింద చేర్చి, కుండకు కర్త ఉన్నాడు కనుక కొండకూ ఉన్నాడంటే కుదరదు. పొగ తెల్లగా బూడిదరంగులో ఉంటుంది కదా అని, ఆ రంగున్న ప్రతి వస్తువు నుంచీ నిప్పును ఊహించడంలాంటిది అది.

ఆ వెంటనే పుట్ట. మట్టితో చేసిన కుండను కుమ్మరి చేశాడు కనుక, మట్టితో అయిన పుట్టనూ కుమ్మరే చేశాడని నిరూపితమవుతుందా?

నా దృష్టిలో ఈశ్వరానుమానం మీద ఇంతకంటే బలమైన విమర్శ ఏ భాషలోనూ రాలేదు. 1779లో అచ్చయిన, స్కాటిష్ తత్వవేత్త హ్యూమ్ సంభాషణల్లో ఇల్లు చూసి మేస్త్రిని ఊహించినట్టు విశ్వాన్ని చూసి ఊహించలేం, పోలిక చాలదు అన్న వాదం ఉంది. అది చదివి మెచ్చుకునే మనవాళ్లలో చాలామందికి ధర్మకీర్తి పేరే తెలియదు.


ఓరుగల్లు పోరడు రాశారు:

అన్నా ఒక్క నిమిషం. పుట్టను కుమ్మరి చెయ్యలె, సరే. కానీ చెదలు చేసినయి కదా! చెదలు ప్రాణమున్నయే. అంటే పుట్టకు గూడ చేతనమైన కర్త ఉన్నట్టే. ధర్మకీర్తి ఉదాహరణ పంచకం సార్ దిక్కే పోతలేదా?


అవయవపంచకం రాశారు:

శభాష్! నైయాయికుడు ఆనందంతో కౌగిలించుకునే మాట అన్నావు. మేం "కార్యమైతే కుమ్మరి ఉండాలి" అనలేదు, "కర్త ఉండాలి" అన్నాం. కుమ్మరి అన్న విశేషం తప్పినంత మాత్రాన, ఎవరో ఒక కర్త ఉంటాడన్న సామాన్యవ్యాప్తి తప్పదు.


పల్లెబడి టీచర్ రాశారు:

నేను ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. తత్వశాస్త్రం నాకు తెలియదు కానీ పుట్ట గురించి కాస్త తెలుసు. ఏటా నాగుల చవితికి పిల్లలు పాలు పోయడానికి వెళ్లి వచ్చాక తరగతిలో పుట్ట పాఠం చెబుతాను, పాము కట్టింది కాదని మొదలుపెట్టి.

పుట్టలో గోడలు, నడవలు, గాలి తిరిగే దారులు ఉంటాయి. చూస్తే ఎవరో ప్రణాళిక వేసినట్టే ఉంటుంది. కానీ ఏ చెదపురుగుకూ ఆ ప్రణాళిక తెలియదు. రాణి ఆజ్ఞలిచ్చి కట్టించదు, గుడ్లు పెడుతుంది. ఒక కూలి పురుగు ఉమ్మితో తడిపిన మట్టి ఉండ ఒకచోట పెడుతుంది. ఆ మట్టి అక్కడ ఉండడమే ఇంకో పురుగును ఆ పక్కనే ఇంకో ఉండ పెట్టేలా చేస్తుంది. పని పనిని నడిపిస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ పాల్ గ్రాసే 1959లో ఈ పద్ధతికి స్టిగ్మర్జీ అని పేరు పెట్టాడు. కూలి చెదల్లో చాలా జాతులకు కళ్లే ఉండవు.

కొల్లేటికొంగ గారు మొదట్లో కర్తకు మూడు లక్షణాలు చెప్పారు: ముడిసరుకు గురించి ప్రత్యక్షజ్ఞానం, చేయాలన్న కోరిక, ప్రయత్నం. "పుట్ట కట్టాలి" అన్న కోరిక ఏ చెదపురుగుకు ఉంది? దానికి తెలిసింది ముందున్న మట్టి ఉండ వాసన మాత్రమే. మరి పుట్టకు కర్త ఎవరు?


కొల్లేటికొంగ రాశారు:

టీచర్ గారూ, మీరు రాసింది చదివి లేచి నిలబడ్డాను. ధర్మకీర్తి పుట్టను కుమ్మరి విషయంలోనే వాడాడు. మీరు దాన్ని కర్తృత్వం దాకా తీసుకెళ్లారు. మొత్తం అమరికను ఎరిగి, కోరి, చేసినవాడు ఎవడూ లేకుండానే అమరిక వస్తోందంటే, సామాన్యవ్యాప్తికే వ్యభిచారం, అంటే నియమం తప్పిన చోటు, వచ్చింది.


అవయవపంచకం రాశారు:

అమ్మా, మీ వివరణ నాకు కొత్త, చాలా బాగుంది. అయినా నైయాయికుడి దగ్గర జవాబుంది. "క్షిత్యంకురాదికం" అన్నప్పుడు, మనిషి చేయనిదంతా ఆ "ఆది"లో పడుతుంది. మొలక ఎలా పక్షంలో ఉందో పుట్టా అలాగే పక్షంలో ఉంది. దానికి కర్త ఉన్నాడా లేడా అన్నదే ఇప్పుడు మనం తేల్చుకోవాల్సింది. తేలనిదాన్ని తెచ్చి "ఇదిగో కర్త లేని కార్యం" అని చూపలేరు. పురుగుకు పుట్ట సంగతి తెలియదన్నారు. నిజమే, తెలిసినవాడు ఇంకొకడున్నాడనే మేం అంటున్నాం.


పల్లెబడి టీచర్ రాశారు:

సార్, అలాగైతే మీ వాదాన్ని తప్పని చూపించడానికి లోకంలో ఏ వస్తువూ మిగలదు కదా. మనిషి చేసింది చూపిస్తే అది మీ ఉదాహరణ. మనిషి చేయనిది చూపిస్తే అది మీ పక్షం. ఎటు చూపినా మీదే గెలుపు. పిల్లలు ఇలాంటి ప్రయోగం రాసుకొస్తే నేను మార్కులు వేయను.


డాలస్ నుంచి రాశారు:

టీచర్ గారి ఈ పోస్టును పైన అతికించాలి.


కొల్లేటికొంగ రాశారు:

ఇంకో మూడు అభ్యంతరాలు కూడా పెట్టేస్తాను, వీటి మీద అంత ఆగను.

ఒకటి శరీరం. చూసిన ప్రతి కర్తకూ శరీరం ఉంది. ఈశ్వరుడికి ఉందా? ఉంటే ఆ శరీరమూ కార్యమే, దాన్ని ఎవరు చేశారు? లేదంటే, శరీరం లేని కర్తను ఎక్కడ చూశారు? శరీరం అన్న విశేషణం అనవసరమని నైయాయికులు చాలా నేర్పుగా తోసేశారు, నాకు తృప్తి కలగలేదు. ఇది శ్లోకవార్తికంలో కుమారిలభట్టు అడిగినది. ఆయన నాస్తికుడు కాడు, వేదాన్ని ప్రాణంగా చూసుకున్న మీమాంసకుడు. ఆయనదే ఇంకో మాట, "ప్రయోజనమనుద్దిశ్య న మందోఽపి ప్రవర్తతే." మందబుద్ధి కూడా ప్రయోజనం లేనిదే పనికి దిగడు. ఏ లోటూ లేనివాడు లోకాన్ని ఎందుకు చేసినట్టు? ఇది రెండోది.

మూడోది సంఖ్య. రాజభవనాన్ని ఒక్కడే కట్టడు, ఎందరో కలిసి కడతారు. లోకానికి ఒక్కడే కర్త అని ఎలా తేలింది? లాఘవం, అంటే తక్కువతో సరిపెట్టడం మేలన్న సూత్రం ఒక్కటే వాళ్ల జవాబు.


పటమట వాసి రాశారు:

ఇంతసేపూ చదువుతున్నాను. నాకు పుట్టకంటే ముఖ్యమైనది ఒకటుంది, ఎవరూ ముట్టుకోవడం లేదు.

ఈశ్వరుడు ఇంత దయగలవాడైతే ఇన్ని కష్టాలేమిటి, ఒకడు అందలంలో, ఒకడు మురుగులో ఎందుకు అన్న ప్రశ్నకు మీ గ్రంథాలన్నీ ఒకటే జవాబు చెబుతాయి: కర్మ. బ్రహ్మసూత్రాల్లో "వైషమ్యనైర్ఘృణ్యే న సాపేక్షత్వాత్" అని ఉంది. ఆయనకు పక్షపాతమూ క్రూరత్వమూ లేవు, జీవుల కర్మను బట్టి ఇస్తాడు అని. ఉదయనుడు మొదటి స్తబకంలో పెట్టినదీ అదే, లోకంలో ఇంత వైచిత్ర్యం ఉంది కాబట్టి కనబడని హేతువు ఉందని. తర్కంగా చూస్తే ఎంత నిండుగా ఉంది! కానీ ఆ వాక్యాన్ని ఊరి బయట వాడలో నిలబడి చదవండి. నీకు నీళ్లు దొరకకపోవడం నీ వెనకటి జన్మ ఫలం అని దాని అర్థం. ఈ దేశంలో అది అచ్చంగా అలాగే వాడుకున్నారు.

గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. ఆయన దేవుడు లేడని సిద్ధాంతం రాసి ఊరుకోలేదు. సహపంక్తి భోజనాలు పెట్టించారు, అంటరానితనం మీద పోరాడారు, కులం దాటి పెళ్లిళ్లు జరిపించారు. గాంధీగారితో వాదించినప్పుడు కూడా ఆయనకు ముఖ్యమైనది అదే, మనిషి తన బతుక్కి తానే బాధ్యుడనుకుంటాడా లేదా అన్నది. ఈశ్వరానుమానంలో వ్యాప్తి సరిపోయినా నేను ఒప్పుకోను. అది వెంట తెచ్చే కర్మ లెక్కను నేను భరించలేను.


నిర్వాహకులు రాశారు:

పటమట వాసి గారి పోస్టుకు వచ్చిన వ్యక్తిగత దూషణలు తీసేశాం. కుల ప్రస్తావన మీద అభ్యంతరం ఉంటే వాదంతో రాయండి.


కొండారెడ్డి బురుజు రాశారు:

పటమట వాసి గారి బాధ న్యాయమైనది. కానీ ఒక వాదం ఫలితం మనకు నచ్చకపోవడం వేరు, అది తప్పు కావడం వేరు. ఆయన మాట కర్మసిద్ధాంతానికి తగులుతుంది, ఆధారం వాదానికి తగలదు.


పటమట వాసి రాశారు:

ఉదయనుడి ఈశ్వరుడు కర్మను చూసి లోకాన్ని కూర్చేవాడని పంచకం గారే రాశారు. ఆ రెంటినీ విడదీస్తే మిగిలేది ఈ థ్రెడ్ మొదట్లో పెట్టిన దేవుడు కాడు. మీ వాజిబుల్ వుజూద్‌తో నాకు పేచీ తక్కువే, అది ఎవరినీ ఊరి బయట ఉంచలేదు.


తిరునక్షత్రం రాశారు:

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. మా ఇంట్లో రోజూ తిరుప్పావై చదువుతాం, నారాయణుడు లేడన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. అయినా ఈ చర్చలో నేను ధర్మకీర్తి వైపు. ఎందుకో చెబుతాను.

రామానుజులవారు శ్రీభాష్యంలో "శాస్త్రయోనిత్వాత్" అన్న మూడో బ్రహ్మసూత్రం దగ్గర ఈశ్వరానుమానాన్ని ముక్కలు ముక్కలు చేశారు. కార్యమైనంత మాత్రాన ఒకే కాలంలో పుట్టిందని ఎలా అంటారు, ఒకే కర్త చేశాడని ఎలా అంటారు, కుండ ఉదాహరణ పట్టుకుంటే శరీరమూ పరిమిత జ్ఞానమూ ఉన్న కర్తే సిద్ధిస్తాడు కదా అని. కుండ నుంచి కట్టిన దేవుడు కుమ్మరంతే అవుతాడు. పరమాత్మ శాస్త్రంవల్లనే, అంటే వేదంవల్లనే తెలుస్తాడు, అనుమానంవల్ల కాదు అన్నది ఆయన నిర్ణయం. శంకరులవారు కూడా జన్మాది సూత్రం దగ్గర అనుమానానికి స్వతంత్రంగా ఆ చోటివ్వలేదు, శ్రుతికి తోడుగా మాత్రమే ఒప్పుకున్నారు.

పటమట వాసి గారూ, మీరన్న మాట నన్ను గుచ్చింది. కర్మను ఎదుటివాడి మీద తీర్పుగా వాడడం నేనూ విన్నాను, మా బంధువుల నోటనే. అది పాపమని నమ్ముతాను. ఎవరి కష్టానికీ వారి కర్మను కారణంగా చూపే అధికారం ఏ మనిషికీ లేదు.


ఓరుగల్లు పోరడు రాశారు:

మేడమ్, శాస్త్రం వల్లనే తెలుస్తడంటే శాస్త్రాన్ని నమ్మనోనికి ఎట్ల తెలుస్తది?


తిరునక్షత్రం రాశారు:

తెలియదు బాబూ. తెలియాలని బలవంతం చేసే హక్కూ నాకు లేదు. తర్కంతో అందరినీ ఒప్పించవచ్చన్న ఆశ వదులుకోవలసిందే అని ఆచార్యులే చెప్పారని నా ఉద్దేశం.


అవయవపంచకం రాశారు:

తిరునక్షత్రం గారు చెప్పింది నిజం. భక్తులే ఈ అనుమానాన్ని తోసిపుచ్చారు. మరి ఉదయనుడు ఇంత శ్రమ ఎందుకు పడ్డాడు? మొదటి స్తబకంలోనే చెప్పుకున్నాడు. "న్యాయచర్చేయమీశస్య మననవ్యపదేశభాక్ । ఉపాసనైవ క్రియతే శ్రవణానంతరాగతా." ఈశ్వరుణ్ణి గురించిన ఈ న్యాయచర్చ మననమే, వినడం తర్వాత వచ్చే ఉపాసనే అని. తర్కించడమే ఆయన పూజ.

గ్రంథం చివర ఇంకో శ్లోకముంది. శ్రుతియుక్తులనే ఇన్ని నీళ్లతో కడిగినా ఎవరి హృదయంలో నువ్వు చోటు చేసుకోలేదో వాళ్ల మనసులు రాతివి. అయినా నీకు ఎదురు వాదిస్తూ వాళ్లూ నిన్నే గట్టిగా తలచారు, కాబట్టి దయామయా, కాలం వచ్చినప్పుడు వాళ్లనూ నువ్వే తరింపజేయాలి అంటాడు. బౌద్ధులతో జీవితమంతా పోరాడిన మనిషి రాసిన ముగింపు ఇది. ఏ చర్చలోనూ ఎదుటివాడిపట్ల ఇంతకు మించిన మర్యాద నేను చదవలేదు.


పటమట వాసి రాశారు:

రాతి మనసు అన్నమాట నేను ఒప్పుకోను, తరించాలన్న కోరికా నాకు లేదు. కానీ ఎదుటివాడు కూడా గట్టిగా ఆలోచించాడని గుర్తించడం గౌరవమే. దానికి నమస్కారం.


ఓరుగల్లు పోరడు రాశారు:

సార్, నాకు ఒకటి తేలలె. టీచర్ మేడమ్ అడిగిందానికి జవాబు రాలేదు. ఎటు చూపినా మీదే గెలుపు అన్నరు కదా. వ్యాప్తిని శంకిస్తే నైయాయికుడు ఏం చేస్తడు?


అవయవపంచకం రాశారు:

సరైన చోట పట్టుకున్నావు. దీనికి ఉదయనుడి జవాబు మూడో స్తబకంలోనే ఉంది.

శంకా చేదనుమాస్త్యేవ న చేచ్ఛంకా తతస్తరామ్ ।
వ్యాఘాతావధిరాశంకా తర్కః శంకావధిర్మతః ॥

వేరే కాలంలో, వేరే చోట ఈ వ్యాప్తి తప్పుతుందేమో అని శంకిస్తావా? ఆ కాలం, ఆ చోటు ఉన్నాయని నీకు అనుమానంతోనే తెలిసింది. శంక లేదంటావా, అనుమానానికి ఇంక అడ్డేముంది? శంకకు హద్దు వ్యాఘాతం, అంటే నీ నడతకే విరుద్ధం కావడం. పొగకూ నిప్పుకూ సంబంధం లేదేమో అంటూనే, పొగ కావలసినప్పుడు నిప్పు రాజేస్తావు. నీ చేతే నీ శంకను కొట్టేస్తోంది. కర్త లేకుండా కార్యం వస్తుందేమో అనేవాడూ కుండ కావాలంటే కుమ్మరి ఇంటికే వెళతాడు.


ఓరుగల్లు పోరడు రాశారు:

కుండ కోసం కుమ్మరి దగ్గరికి పోతం, నిజమే సార్. కానీ మొలక కోసం ఎవరి దగ్గరికి పోతం? మా నాయిన పత్తి పెడతడు. విత్తనం చూస్తడు, పదును చూస్తడు, వాన కోసం చూస్తడు. మొక్కుతడు కూడ. కానీ మొక్కి విత్తనం పెట్టకుంటే మొలవదని ఆయనకు తెలుసు, మొక్కనోని చేన్ల గూడ మొలుస్తదని గూడ తెలుసు. మొలకకు కర్త లేడేమో అని నేను శంకిస్తే నా నడతల ఎక్కడ వ్యాఘాతం వచ్చింది? కుండ విషయంల వస్తది, మొలక విషయంల రాదు. మరి ఉదయనుడు పెట్టిన హద్దు ఈ శంకను ఆపుతలేదు కదా.


తెల్లవారుజాము రాశారు:

తమ్ముడూ, ఇది నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. నువ్వు సంస్కృతం నేర్చుకోవాలి.


అవయవపంచకం రాశారు:

బాబూ, సామాన్యవ్యాప్తిని అంతగా శంకిస్తే ఇబ్బంది ఇంకోచోట వస్తుంది. నాగార్జునకొండ తవ్వకాల్లో కుండపెంకు దొరికింది. చేసినవాణ్ణి ఎవరూ చూడలేదు. కార్యానికి కర్త ఉంటాడన్న నియమం వదిలేస్తే, ఆ పెంకు నుంచి ఒక మనిషిని ఎలా ఊహిస్తావు?


కొల్లేటికొంగ రాశారు:

దానికి సామాన్యవ్యాప్తి అక్కరలేదు పంచకం గారూ. ఈ రకపు అమరిక మనిషి చేస్తేనే వస్తుంది అన్న విశేషవ్యాప్తి చాలు. చక్రం గీతలు, కాల్చిన రంగు, పెదవి మలుపు చూసి పురావస్తు శాస్త్రజ్ఞులు చేసేది అదే. అక్కడే పక్కన పుట్ట కనిపిస్తే దాన్ని చూసి ఎవరూ కుమ్మరిని ఊహించరు. ధర్మకీర్తి అడిగింది సరిగ్గా అంతే, ఆ మేరకు అనుమానాన్ని ఆయన ఎప్పుడూ కాదనలేదు.


అవయవపంచకం రాశారు:

ఉదయనుడి శ్లోకానికి అద్వైతి శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఆ మాటలతోనే ఎదురుశ్లోకం చెప్పాడు.

వ్యాఘాతో యది శంకాస్తి న చేచ్ఛంకా తతస్తరామ్ ।
వ్యాఘాతావధిరాశంకా తర్కః శంకావధిః కుతః ॥

వ్యాఘాతం ఉందంటే శంక ఉన్నట్టే, శంక లేనిదే దేనితో వ్యాఘాతం? వ్యాఘాతం లేదంటే శంకకు అడ్డే లేదు. ఇంక శంకకు అది హద్దు ఎలా అయింది అని. తర్వాత నైయాయికుడైన గంగేశుడు తత్త్వచింతామణిలో శ్రీహర్షుడికి జవాబిచ్చాడు. ఓరుగల్లు బాబు అభ్యంతరం శ్రీహర్షుడి దారి కాదు. ఆయన ప్రతి వ్యాఘాతాన్నీ శంకించాడు, ఇతను కుండ దగ్గర వ్యాఘాతం ఒప్పుకుని మొలక దగ్గర లేదంటున్నాడు. గంగేశుడి జవాబు దీనికి సరిపోతుందో లేదో చూడాలి. ఆ భాగం నా దగ్గర ఉంది. ఆదివారం మూలం పెట్టి వాక్యం వాక్యం తెలుగులో రాస్తాను. టీచర్ గారూ, మీరూ ఉండండి, పుట్ట గురించి మిమ్మల్ని ఇంకా అడగాలి.